కాల్హేర్ ధక్కా మీద బాపు

కాల్హేర్ దగ్గర ఖాడీ అనే సముద్రపు పాయ నీళ్లలోకి పొడుచుకుపోయిన చెక్కల రేవును ఇక్కడ మరాఠీలో ధక్కా అంటారు. హిందీలో అదే మాటకు తోపుడు అని అర్థం. ఈత రాని నాకు రెండూ ఒకటే.

ఒకప్పుడు అక్కడ ఇసుక పడవలు ఆగేవి. ఇసుక తీయడం ఆగాక ఎవరో కటకటాలు పెట్టి, బెంచీలు వేసి, రంగులు పూశారు. సాంచాలు, అంటే మా మరమగ్గాలు, బందుండే శుక్రవారం మేముండే గైబీ నగర్ నుంచి ఆటోల్లో కుటుంబాలు దిగేవి. భేల్, బుడగలు, పడవ షికారు. ముంబై దాకా పోయే ఓపిక లేని మాకు అదే చౌపాటీ బీచి. తర్వాత గోదాములొచ్చాయి, లారీలొచ్చాయి, జనం తగ్గారు. కటకటాలను తుప్పు తిన్నది, తుప్పు తినగా మిగిలినవి దొంగలు తిన్నారు. చివరికి ఎవరూ పోకుండా అడ్డంగా కట్టిన ఒక తాడు మిగిలింది. దాన్ని లెక్కచేయనివాడు మా బాపు ఒక్కడే.

మొన్న చలికాలంలో ఒక శుక్రవారం తాడు దగ్గర చెప్పులు విడిచి, మురమురాల పొట్లంతో పక్షులను మేపడానికి చివరిదాకా పోయాడు. నేనూ నా భార్యా ఒడ్డునే ఉన్నాం. నీళ్లు పోటు మీదున్నాయి.

"ఏందయ్యా, మామను సూడు! ఎనుకకు నడుస్తుండు. గక్కడ చెక్క లేదు గద!"

నిజమే. పోయేటప్పుడు దాటిన ఖాళీని పక్షుల ధ్యాసలో మరిచి, తల పైకెత్తి గింజలు విసురుతూ వెనక్కి వెనక్కి వస్తున్నాడు. ఖాళీ కింద పచ్చటి నీళ్లు కొట్టుకుంటున్నాయి.

"బాపూ!" అని అరిచాను. సాంచాల మోత ఆయన చెవులను ఎప్పుడో మింగేసింది. తాడు దాటి ఉరికాను.

"నువ్వు పోకు! నీ బరువుకు అది ఆగదు!" వెనక నుంచి నా భార్య. ఇంట్లో రోజూ వినే మాటే, ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. కాళ్ల కింద చెక్క కిర్రుమంది. ఆగిపోయాను. ఆయన ఇంకా వెనక్కే వస్తున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. సాంచాల షెడ్డులో బాపు వినేది అరికాళ్లతో. ఏ సాంచా ఆగినా నేల వణుకు మారేది, వీపు తిప్పి ఉన్నా ఆయనకు తెలిసేది. విరిగితే విరగనీ అని, ఒంట్లో ఉన్న బరువంతా పెట్టి చెక్క మీద దబదబా తొక్కాను. ఎక్కడో ఒక మేకు ఊడి నీళ్లలో పడింది.

బాపు తల తిప్పి చూశాడు. ఒక మడమ అప్పటికే ఖాళీ అంచున ఉంది. నన్ను చూసి అరచెయ్యి ఎత్తాడు. అది షెడ్డులో సాంచా ఆపమనే సైగ. ఆపదలో ఉన్నది నేననుకున్నాడు. నేనూ అదే సైగ చేసి, ఆయన కాళ్ల వైపు వేలు చూపాను. అప్పుడు కిందికి చూశాడు.

తర్వాత పక్కనున్న స్తంభం పట్టుకుని, ఖాళీ దాటి, మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏందిరా గట్ల ఎగురుతున్నవ్? ధక్కా కూలిపోతది," అన్నాడు, నా అంగీ గట్టిగా పట్టుకుని.

ఇంటికి ఆటోలో బయల్దేరాం. గోదాములన్నీ దాటినా నా మోకాలు అదురుతూనే ఉంది. బాపు దాని మీద అరచెయ్యి ఆనించి, కాసేపు వింటున్నట్టు ఉండిపోయాడు.

"ఇగ బంద్ చెయ్యిరా," అన్నాడు.