గడప దగ్గర రెండంగుళాలు

ఆ రోజుల్లో లోకంలో ఎవరికీ పట్టని విషయాలన్నీ నాకు చాలా ముఖ్యమైనవిగా కనిపించేవి. అందులో మొదటిది నా ఎత్తు. అయిదడుగుల మూడంగుళాలు (కొలిచేవాడు మంచివాడైతే ఇంకో అరంగుళం). బళ్ళో ప్రార్థనకి నిలబెట్టినప్పుడు వరసలో ముందుండేది నేనే. ఇంట్లో అటక మీది గిన్నె దించాలంటే మా అమ్మ నన్ను దాటుకుని వెళ్ళి పక్కింటివాళ్ళని పిలిచేది. చదువైపోయి రాజమండ్రిలో ఒక ట్రాక్టర్ల షోరూంలో సేల్స్ ఉద్యోగం దొరికాక, ఇక ఎత్తుతో పని లేదనుకున్నాను. చేరిన వారానికే మా మేనేజరు గారు నన్ను ఒక ట్రాక్టరు వెనక చక్రం పక్కన నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, "మీరు పక్కనుంటే బండి పెద్దగా కనిపిస్తోందండి, అక్కడే ఉండండి" అన్నారు. ఆయన మెచ్చుకున్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బళ్ళు మాత్రం బాగానే అమ్ముడుపోయేవి.

మా మావయ్య సంగతి వేరు. ఆరడుగుల మనిషి, అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. తెల్లటి పంచె కట్టి, కింద నల్లటి మడమ బూట్లు వేసేవాడు. మడమ అంటే ఉందా లేదా అన్నట్టు కాదు, రెండంగుళాల పైమాటే. ఆ బూట్లతోనే కొబ్బరి రాశుల మధ్య తిరిగేవాడు, చేపల బజారుకి వెళ్ళేవాడు, టీ బడ్డీ దగ్గర బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. పైగా ఆయన వస్తున్నాడని చప్పుడు వినగానే అక్కడున్నవాళ్ళు జరిగి చోటిచ్చేవారు. ఆరడుగుల మనిషికి ఇంకో రెండంగుళాలు ఎందుకో నాకు అంతుబట్టేది కాదు. ఒకసారి అడిగితే, "నచ్చాయిరా" అన్నాడు. ఇంత చిన్న సమాధానం వెనక ఇంకేదో పెద్ద కారణం ఉండి ఉంటుందని చాలా కాలం అనుమానపడ్డాను.

మొదటి జీతాల్లో కూడబెట్టి నేనూ ఒక జత కొన్నాను. గోధుమరంగువి, చీలమండ దాకా వచ్చేవి, మడమ మావయ్య బూట్లకి తీసిపోనిది. అయితే మావయ్యకీ నాకూ తేడా ఉంది. ఆయన మడమ అందరికీ కనిపించాలి, నాది ఎవరికీ కనిపించకూడదు. అందుకని ఆ బూట్లతోనే టైలరు దగ్గరికి వెళ్ళి, మడమ పూర్తిగా కప్పేలా నాలుగు ప్యాంట్లు పొడుగ్గా కుట్టించాను. ఇక షోరూంలో నా వైభవం చెప్పనలవి కాదు. చక్రం పక్కన నిలబడటం మానేసి బానెట్ మీద చెయ్యేసి నిలబడటం మొదలుపెట్టాను. ఎవరైనా కిందకి చూస్తే చాలు, నా గుండె జారిపోయేది. (వాళ్ళు చూసేది టైర్లనని తరవాతెప్పుడో తెలిసింది.)

ఆ వైభవం నడుస్తుండగానే ఆత్రేయపురం సంబంధం వచ్చింది. అమ్మాయి హైస్కూల్లో సైన్సు టీచరు. ఫొటోలో కెమెరా వైపు కాకుండా పక్కకెటో చూసి నవ్వుతోంది. ఎవరిని చూసి నవ్విందో తెలుసుకోవాలని నాకు చాలా గట్టిగా అనిపించింది. మనసులో మాట చెప్పాలంటే, ఆ ఫొటో చూసిన రోజు నుంచీ ఈ సంబంధం తప్పిపోతుందేమోనన్న భయం తప్ప నాకు వేరే పని లేకపోయింది. మధ్యవర్తి మా అమ్మతో ఒక్కటే చెప్పాడట, పిల్ల పొడుగండి, ఇప్పటికి రెండు సంబంధాలు అక్కడే ఆగాయి, అబ్బాయి సమానంగా ఉంటే చాలంటున్నారు అని. ఆ వారంలోనే అమ్మాయి బాబాయి గారు ట్రాక్టరు చూసే మిషతో షోరూంకి వచ్చి, బండిని ఒకసారీ నన్ను మూడుసార్లూ చూసి, సంతృప్తిగా వెళ్ళిపోయారు. అబ్బాయి ఎత్తు సరిపోతుందని కబురొచ్చింది. నా బూట్లకి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పెళ్ళిచూపుల రోజు కారులో నేనూ, అమ్మా, మావయ్యా బయల్దేరాం. ధవళేశ్వరం బ్యారేజీ మీద వెళ్తున్నాం. చల్లటి గాలి, కింద నిండుగా గోదావరి, నా ప్రాణం హాయిగా ఉంది. అప్పుడు మా అమ్మ వెనకసీట్లోంచి, "సాక్సులు కొత్తవేనా నాన్నా? బూట్లు విప్పినప్పుడు చిల్లులు కనబడితే బాగోదు" అంది.

బూట్లు విప్పినప్పుడు.

నమ్మండి, ఆ క్షణం దాకా ఆ ఆలోచన నాకు రాలేదు. షోరూంలో పొద్దుట వేసుకుంటే రాత్రి దాకా విప్పే పని లేదు. పుట్టినప్పటి నుంచీ ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం బయట చెప్పులు విప్పినవాణ్ణి, మడమల లెక్క చూసుకున్నాను, ప్యాంట్ల లెక్క చూసుకున్నాను, గడప సంగతి మర్చిపోయాను. కారు వెనక్కి తిప్పించడానికి కడుపునొప్పి అందామా అనుకున్నాను. బొబ్బర్లంక దాటేసరికి నిజంగానే వచ్చింది.

వాళ్ళింటి ముందు దిగాక ఆఖరి ప్రయత్నంగా, అరుగు మీద గాలి చాలా బావుందండి, ఇక్కడే కూర్చుందాం అన్నాను. లోపల ఏసీ వేశామండి, రండి రండి అని బాబాయి గారు పట్టుపట్టారు. మావయ్య గడప బయట తన బూట్లు విప్పి, ఆరడుగులకి దిగి, దర్జాగా నిలబడ్డాడు. నేను విప్పాను. ప్యాంటు పాదాల చుట్టూ కుప్పగా పడింది. తప్పక రెండు మడతలు పైకి మడిచాను. ఇప్పుడు నాట్లు వెయ్యడానికి చేలోకి దిగబోతున్నవాడిలా ఉన్నాను. మావయ్య నా బూట్లనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆయనకి సంగతంతా అర్థమైపోయింది. నా చెవి దగ్గరికి వంగి, "బూట్లు కాళ్ళకి వేసుకోవాలిరా, నువ్వు మొహానికి వేసుకున్నావు" అన్నాడు.

లోపల సోఫాలో కూర్చుంటే అందరూ సమానమే కాబట్టి కాసేపు ఊపిరి పీల్చుకున్నాను. ఆత్రేయపురం కాబట్టి పూతరేకులు వచ్చాయి. పట్టుకొచ్చింది అమ్మాయే, వెనకాల వాళ్ళ పిన్ని గారు. అమ్మాయి తల బాగా వంచుకుని, భుజాలు ముడుచుకుని నడిచింది. ఫొటోలో అంత ధీమాగా నవ్విన మనిషి ఇలా ఒదిగి నడుస్తుందేమిటా అనుకున్నాను. నాలుగు మాటలయ్యాక బాబాయి గారు, "ఒక్కసారి ఇద్దరూ పక్కపక్కన నిలబడండమ్మా, అమ్మగారు చూసుకుంటారు" అన్నారు.

ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడే నా బుర్రకి ఒక మెరుపు తట్టింది. లేస్తూ లేస్తూ జేబురుమాలు కింద పడేసి, అది తీసుకునే వంకతో ప్యాంటు మడతలు విప్పేశాను. ఆ పొడుగు ప్యాంటు లోపల మునివేళ్ళ మీద లేచి నిలబడ్డాను. మడమ గాల్లో ఉన్న సంగతి ఎవరికీ కనిపించదు. టైలరు చల్లగా ఉండాలి. అమ్మాయి పక్కకొచ్చి నిలబడింది. ఇద్దరం సమానంగా ఉన్నాం! బాబాయి గారి మొహం వెలిగింది. మా అమ్మ మాత్రం నేను ఉన్నట్టుండి ఎలా ఎదిగానో తెలియక తెల్లబోయి చూస్తోంది. బాబాయి గారు ఫోను తీసి ఫొటో అన్నారు. ఫోను ఎంతకీ తెరుచుకోదు. నా పిక్కలు వణకడం మొదలైంది. నోట్లో ఉన్న పూతరేకు కరగనంటోంది.

పక్కనుంచి చాలా మెల్లగా, పెదవులు కదలకుండా, అమ్మాయి గొంతు వినిపించింది.

"ఇంకా ఎంతసేపు ఉండగలరండి?"

"ఏంటండి?" అన్నాను.

"మడమల మీదకి దిగకుండా." నేను పూతరేకు మింగబోయాను. అది దిగలేదు. ఆవిడే మళ్ళీ అంది. "నేను మోకాళ్ళు వంచి నిలబడ్డానండి, చీరలో కనిపించదు కదా. మా పిన్ని నేర్పింది. నొప్పెడుతున్నాయి. మీరు దిగండి, నేను లేస్తాను."

నేను దిగాను. ఆవిడ లేచింది. మా ఇద్దరి మధ్య ఆ గదిలో అందరూ చూస్తుండగా ఇంచుమించు బెత్తెడు తేడా మొలిచింది. నా ప్యాంటు మళ్ళీ నేల మీద కుప్ప పడింది. పిన్ని గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాబాయి గారు ఫోను దించి, షోరూంలో చూసింది ఈ అబ్బాయినేనా అన్నట్టు మావయ్య వైపు చూశారు. మావయ్య ఒక్కడే, కుర్చీ కిర్రుమనేలా నవ్వుతున్నాడు.

అమ్మాయి అప్పుడు తల ఎత్తింది. ఫొటోలో ఉన్న మనిషి అచ్చంగా వచ్చేసింది. "రెండేళ్ళ నుంచి వచ్చినవాళ్ళందరి ముందూ వంగుతూనే ఉన్నాను బాబాయ్, ఇక నా వల్ల కాదు" అని, నా వైపు తిరిగి, "గుమ్మం దగ్గర ఆ గోధుమరంగు బూట్లు మీవేనా?" అంది. సిగ్గుతో చచ్చిపోతూ అవునన్నాను. "వచ్చేటప్పుడు చప్పుడు విన్నాను. బావుంది. మానకండి" అంది. అంతవరకూ ఆ బూట్లకి చప్పుడుందన్న సంగతే నేను గమనించలేదు. మడమ దాచే హడావిడిలో చెవులు కూడా మూసుకున్నట్టున్నాను.

సంబంధం కుదిరాక మా అమ్మకి కోడలు పొడుగని కొన్నాళ్ళు దిగులుండేది, తరవాత అటక మీది గిన్నెలన్నీ కోడలు దించడం మొదలుపెట్టాక అదీ పోయింది. పెళ్ళిలో ఎటూ ఉత్తికాళ్ళే కాబట్టి ఫొటోల్లో ఆవిడ నిటారుగా, నేను నా అంతటి నేనుగా ఉన్నాం. ఆ నాలుగు ప్యాంట్లూ మావయ్య దగ్గరుండి కత్తిరింపించాడు. మడమ పూర్తిగా కనిపించేలా.

ఇప్పటికీ బూట్లు వేస్తాను. ఇది ఎన్నో జతో గుర్తులేదు. షోరూంకీ అవే, రైతుబజారుకీ అవే, ఎవరింట్లోనైనా శుభకార్యమైతే పంచె కిందా అవే. మొన్న ఒక రైతు గారు మొహమాటపడుతూ, ఎత్తు కోసమాండి అని అడిగారు. నచ్చాయండి, అన్నాను. ఇంకేదో పెద్ద కారణం ఉంటుందని ఆయన అనుమానపడ్డట్టే ఉంది. ఎప్పుడైనా ఆ రోజు తలుచుకుంటే, పొడుగు ప్యాంటులో మునివేళ్ళ మీద వణుకుతూ పూతరేకు మింగలేక నిలబడ్డ ఆ కుర్రాడి మీద నాకు జాలీ ముద్దూ కలిసి వస్తాయి. వెళ్ళి వాడి భుజం తట్టి, దిగవోయ్, ఏం పర్లేదు అనాలనిపిస్తుంది. నాకంటే ముందే ఆ మాట ఇంకొకావిడ చెప్పేసింది కాబట్టి సరిపోయింది.

రోజూ సాయంత్రం చప్పుడు చేసుకుంటూ మెట్లెక్కి, గడప దగ్గర బూట్లు విప్పి, రెండంగుళాలు దిగి ఇంట్లోకి వెళ్తాను. ఆవిడ ఎదురొచ్చి, బూట్ల పక్కన సంచీ ఉందేమోనని నా తల మీదుగా గుమ్మం బయటికి ఒక్క చూపు చూసి, "పాలు మళ్ళీ మర్చిపోయారా?" అంటుంది. తిరిగి బూట్లు వేసుకుంటాను.