తోడేలు చొక్కాకు గుండీలెన్ని?

గుండీల మాస్టారికి లోకంలో ఒక్కటే పట్టింపు. బొమ్మల కథలో ఎవడి చొక్కాకైనా మొదటి పేజీలో ఎన్ని గుండీలుంటే ఆఖరి పేజీలోనూ అన్నే ఉండాలి. ఊడితే ఎక్కడ ఊడిందో చూపించాలి. కుట్టించుకుంటే ఎవరు కుట్టారో చెప్పాలి. కథలో భూగోళం బద్దలైపోతున్నా సరే, ముందు గుండీ సంగతి తేలాలి.

బొమ్మల పుస్తకాలు వేసే కంపెనీలో ఆయన పని తప్పులు చూడడం. బల్ల మీద రెండు భూతద్దాలు, ఎర్ర పెన్సిలు, చీటీల కట్ట. ఒక అద్దం చాలక ఈమధ్య రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తున్నారు. బొమ్మలు గీసే ఆవిడ బల్ల సరిగ్గా ఆయనకు ఎదురుగా ఉంది. ఈ ఎదురుబల్ల తన నుదుట ఎవరు రాశారా అని ఆవిడ రోజూ అనుకునేది.

ఆ ఏడు కంపెనీ ఒక పెద్ద పని నెత్తికెత్తుకుంది. వేరే వేరే పుస్తకాల్లో ఎవరి బతుకు వాళ్లు బతుకుతున్న ఇద్దరు వీరులను ఒకే కథలోకి తేవడం. ఒకడు ఉక్కురెక్కల వీరుడు. రెండోవాడు పున్నమి వస్తే ఒళ్లంతా వెంట్రుకలు మొలిచే తోడేలు మనిషి. ఊళ్లోవాళ్ల నీడలు కత్తిరించి పెట్టెలో దాచుకునే పొగ మాంత్రికుడి పని ఇద్దరూ కలిసి పట్టాలి. ఆ పుస్తకం ఆవిడ చేతికొచ్చింది. పదేళ్లుగా చెట్లూ కిటికీలూ పారిపోయే జనమూ గీసీ గీసీ అరిగిపోయిన చెయ్యి అది. వీరుల ముఖాలు గీసే అదృష్టం ఇదే మొదటిసారి.

"మూడుసార్లు ఆలస్యమైతే పుస్తకం ఇంకొకరికి. మొహమాటాల్లేవు," అన్నాడు ఎడిటర్. ఆలస్యం ఎవరిదో తేల్చడానికి ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పేజీ అందకపోతే ఆలస్యం గీసినవాళ్లది. అందిన పేజీలో తప్పుందని ఎవరైనా చీటీ అంటించి ఆపితే, ఆ ఆలస్యం చీటీ రాసినవాళ్లది. గోడమీది నల్లబల్ల మీద వాళ్ల పేరు పక్కన ఒక గీత పడుతుంది.

పుస్తకం మొదలైన వారానికే ఆవిడ ఆరేళ్ల కూతురు, కథ మీద అభిమానం కొద్దీ, బీరువా మీంచి ఉక్కురెక్కల వీరుడిలా ఎగిరింది. వీరుడికి రెక్కలున్నాయి, పిల్లకు లేవు. కాలికి కట్టు పడింది. భర్తది ఓడ మీద ఉద్యోగం, ఒడ్డెక్కడానికి ఇంకా మూడు నెలలుంది. ఆఫీసులో చెబితే ఎడిటర్ "అయ్యో పాపం" అని ఒక మాట అనేసి పుస్తకం పక్కవాడికి ఇచ్చేస్తాడని ఆవిడ భయం. ఎవరికీ చెప్పలేదు. పిల్ల మంచం పక్కన కూర్చుని గీసింది. నాలుగో పేజీ ఎలా గీసిందో ఆవిడకే తెలియదు.

"అమ్మాయ్," అన్నారు మాస్టారు ఆ పేజీ చూసి. "ఇతగాడికి మొదట్లో ఐదు గుండీలు. తోడేలైనప్పుడు మూడు ఎగిరిపోయాయి. ఇక్కడ మూడు మిగిలాయేమిటి?"

"అది తోడేలు మాస్టారూ. కోరలు బయటపెట్టి మీదికొస్తోంది. గుండీలెవరు చూస్తారు?"

"నేను చూశాగా."

"పోనీ, ఒకటి కుట్టించుకున్నాడనుకోండి."

"ఎప్పుడు? మూడో పేజీ చివర కొండ మీంచి పడిపోతున్నాడు. పడుతూ కుట్టించుకున్నాడా?"

చీటీ పడింది. సరిచెయ్యడానికి రెండు రోజులని రాసి ఉన్న పేజీ వెనక్కి వచ్చింది. ఆవిడ పళ్లు నూరుకుంటూ ఒక గుండీ చెరిపేసి, పనిలో పనిగా వంకరపోయిన ముఖాలు కూడా సరిచేసింది.

తొమ్మిదో పేజీ నాటికి పిల్లకు జ్వరం. మాంత్రికుడి మేడలో వెనకగోడ గియ్యడానికి టైము లేదు. దేవుడా, ఎవరి కంటా పడకుండా చూడు అని దండం పెట్టుకుని గోడ లేకుండానే ఇచ్చేసింది. మాంత్రికుడు ఎటూ కాని ఖాళీలో నిలబడి వికటంగా నవ్వుతున్నాడు. మాస్టారు అద్దం మీద అద్దం పెట్టి అరగంట చూశారు. ఆవిడ చెక్కిన పెన్సిలునే మళ్లీ చెక్కుతూ కూర్చుంది.

"అమ్మాయ్, ఇతని ఎడమచేతి మణికట్టు దగ్గర గుండీ లేదు."

"అంతేనా మాస్టారూ?"

"అంతేనా అంటావేమిటి? కత్తెర పట్టే మనిషి. చెయ్యి జారి చొక్కా కత్తెరలో పడితే?"

చీటీ మీద మూడు రోజులని రాశారు. గుండీకి అర నిమిషం పట్టింది. మిగతా మూడు రోజులూ ఆవిడ గోడ గీసింది. 'ఇంత గోడ లేదు, దాన్ని వదిలేసి గుండీ పట్టుకున్నాడు మహానుభావుడు' అని నవ్వుకుంది కూడా.

పదకొండో చీటీ పడ్డాక ఆవిడకు నవ్వు రాలేదు. నేరుగా ఎడిటర్ దగ్గరికి వెళ్లి, "ఈయనతో నా వల్ల కాదు సార్," అనేసింది.

ఎడిటర్ మాస్టారి బల్ల దగ్గరికే వచ్చాడు. "పదకొండు ఆలస్యాలు. అన్నీ మీవే. ఇంకొక్కటి పడిందా, ఈ పుస్తకంతో మీకు పని లేదు. ఇంటికెళ్లి మీ చొక్కా గుండీలు లెక్కపెట్టుకోండి."

"అలాగే," అన్నారు మాస్టారు.

ఆవిడ విజయగర్వంతో నల్లబల్ల వైపు చూసింది. మాస్టారి పేరు పక్కన పదకొండు గీతలు. తన పేరు పక్కన ఒక్కటీ లేదు. సంతోషించబోయి ఆగిపోయింది. ఎందుకు లేదు? పిల్ల కాలు విరిగిన వారం ఒక చీటీ. జ్వరానికి ఒకటి. కట్టు విప్పి మళ్లీ కట్టిన రోజు ఒకటి. తను కునుకుపాట్లు పడుతూ గీసిన ప్రతి పేజీకీ ఒకటి. ఇంతకీ మణికట్టు గుండీ కనబడిన కళ్లకు ఎదురుగా ఉన్న గోడ కనబడలేదా?

సిగ్గుతో ఆవిడ తల మరి పైకి లేవలేదు. ఈ పెద్దమనిషి మీదా తను చాడీలు చెప్పింది!

ఇక మిగిలింది ఆఖరి పేజీ. గురువారం పొద్దున అచ్చుకు వెళ్లాలి. బుధవారం సాయంత్రం కూడా అది మాస్టారి బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని, ఎడమకంటితో చూసి, కుడికన్ను తుడుచుకుని, మళ్లీ ఎడమకంటితో చూస్తున్నారు. జేబులోంచి కంటి ఆసుపత్రి కాగితం ఒకటి తొంగిచూస్తోంది. ఆవిడ అడక్కుండానే లాగి చదివింది. కుడికంటికి ఆపరేషను, గురువారం పొద్దున. నాలుగు రోజులు విశ్రాంతి.

"సెలవు అడగలేదా మాస్టారూ?"

"నేను చూడందే పేజీ కదలదు. ఆగితే నాకు పన్నెండో గీత. ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాను, ఇంకోసారి వేస్తే ఏం పోయింది?"

"కన్ను పోతుందట. డాక్టరు ఇక్కడ రాశాడు."

"డాక్టర్లు కాస్త ఎక్కువ చేసి రాస్తారు."

ఆవిడ ఆయన చేతిలో పేజీ లాక్కుంది. ఆయన చీటీల కట్టలోంచే ఒకటి చింపి, ఆయన ఎర్ర పెన్సిలుతోనే రాసింది: 'మాంత్రికుడి నీడకు టోపీ ఉంది. మాంత్రికుడికి లేదు. సరిచెయ్యడానికి నాలుగు రోజులు కావాలి.' కింద తన సంతకం పెట్టింది.

ఎడిటర్ చీటీని రెండుసార్లు చదివాడు. "నీ బొమ్మకు నువ్వే తప్పు పట్టుకున్నావా?"

"ఇన్నాళ్లూ ఎదురుగా కూర్చున్నాను సార్. అంటుకుంది."

నల్లబల్ల మీద ఆవిడ పేరు పక్కన మొదటి గీత పడింది. అక్కడ ఇంకా రెండు గీతలకు చోటుంది. ఆ చోటు ఎవరు మిగిల్చారో ఆవిడకు తెలుసు.

ఐదో రోజు మాస్టారు నల్లకళ్లద్దాలతో వచ్చారు. అచ్చయిన పేజీలు ముందేసుకుని, కొత్త కంటితో చూసి, "అమ్మాయ్, పన్నెండో పేజీలో తోడేలుకు ఆరు గుండీలున్నాయి," అన్నారు.

"అయ్యో! అప్పుడు చూళ్లేదా మాస్టారూ?"

"చూశాను. ఆ పేజీ నువ్వు టైముకి, కుదురుగా గీసి ఇచ్చావు. చీటీతో పనేముంది?"

ఆవిడ కుర్చీ ఆయన బల్ల దగ్గరికి లాక్కుంది. "పిల్ల సంగతి మీకెవరు చెప్పారు?"

"పేజీ వెనక్కి తిప్పి కూడా చూస్తాను. నాలుగో పేజీ వెనకాల పెన్సిలుతో ఒక పిల్ల, లావు కాలు, గౌనుకు నాలుగు గుండీలు. మీ పిల్లే కాబోలు, అక్కడి నుంచి చాలా పేజీల వెనక తన బొమ్మే గీసుకుంది. ఎక్కడ చూసినా నాలుగే. నీకంటే నయం."

ఆవిడ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. మాస్టారు సొరుగులోంచి ఆవిడ రాసిన చీటీ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదేం చీటీ అమ్మాయ్? టోపీ గియ్యడానికి పావుగంట చాలు. నాలుగు రోజులని రాస్తే ఎవరు నమ్ముతారు? ఎడిటర్ ఏదో ధ్యాసలో ఉండబట్టి సరిపోయింది. ఈసారి ఎవరికైనా అవసరం పడితే గుండీ అని రాయి. ఎన్ని రోజులు రాసినా ఎవరూ అడగరు."