హిల్కా ఓపిక

ఔలు ఊళ్లో, పసిపిల్లల గుండె చప్పుడు చూపే యంత్రాలను కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ ప్రోగ్రాములు రాసే హిల్కా, ఎవరి కాఫీ కప్పూ వాళ్లు "అయింది" అనేదాకా తీయదు. పనిలోనూ అంతే. కంప్యూటర్ మెమరీలో కాస్త చోటిస్తే, యంత్రం ప్రాసెసర్‌తో పనిలేకుండా గుండె గీతను తానే అందులో రాసుకుంటుంది. మొన్న తోటి ఉద్యోగి ఎస్కో, యంత్రం రాయడానికి పెట్టిన గడువు దాటిందని ఆ చోటు లాక్కుని మరో పాప వివరాలకు ఇచ్చేశాడు. ఆలస్యంగా వచ్చిన గుండె గీత కాస్తా ఆ పాప పేరు మీద పడింది. పరీక్షకు పెట్టిన ఉత్తుత్తి పాపలు కాబట్టి సరిపోయింది. హిల్కా కళ్లద్దాలు నెత్తిమీదికి నెట్టుకుంది. "గడువు నువ్వు పెట్టుకున్నది, దానికేం తెలుసు? అదింకా రాస్తూనే ఉంది. ముందు దాన్ని ఆపు, ఆగానని చెప్పనీ, అప్పుడు తీసుకో."

శనివారం ఎస్కో, హిల్కా వాళ్లింటికి కాఫీకి వచ్చాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి హిల్కా భర్త తైస్తోకి కూడబలుక్కుంటే గానీ మాట రాదు. "నీ... నీ..." అంటూంటే, "పాలా? పంచదారా?" అని ఎస్కో అందుకోబోయాడు. హిల్కా అతని చేతిమీద మెల్లగా చెయ్యేసింది. "ఆగవోయ్, తనింకా రాస్తున్నాడు." ఇంటి కప్పు మీంచి మంచు పెళ్లగా జారిపడింది. కాఫీ చల్లారింది. చివరికి తైస్తో ముఖం విప్పారింది.

"నీ స్వెట్టరు... తిరగేసి తొడుక్కున్నావు."