ఫ్యాన్ ఆపేసిన హెలికాప్టర్

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో మౌస్ పట్టుకున్న ప్రతివాడూ వెబ్‌సైట్ కంపెనీ పెట్టేశాడు. అలాంటి ఒకదానిలో నేను మూడు నెలల ట్రయల్ మీద చేరాను. హెలికాప్టర్లు అద్దెకిచ్చేవాళ్లు వెబ్‌సైట్ కావాలన్నారు. "అన్ని సైడ్లకెళ్లి ఫొటోలు తియ్యమ్మా, యాక్షన్ కొట్టొచ్చినట్టు కనబడాలె. బాగొస్తే నీ నౌకరీ పక్కా, లేకుంటే ఖుదాఫీజ్" అన్నాడు మా బాసు.

మోండా మార్కెట్ స్టూడియో చాచా కెమెరా అరువిస్తూ, "షటర్ జెర నెమ్మదిగ పెట్టు బేటీ. తేజ్ పెడితే ఫొటోల రెక్కలు ఆగిపోయినట్టు కనబడతయ్" అన్నాడు. ఊరుకుంటానా? కదిలేదాన్ని కదలకుండా పట్టడమే ఫొటోగ్రఫీ అని పావుగంట క్లాసు పీకాను (ఆ సంగతి పుస్తకంలో చదివి రెండు రోజులే అయింది). పాపం, ఆయన టీ చల్లారిపోయింది.

హెలికాప్టర్ ఎగిరే మైదానంలో గడ్డిమీద వెల్లకిలా పడుకుని తీశాను, గోడెక్కి తీశాను, అన్నీ తేజ్‌గానే. ఆఖరికి అది నేరేడ్‌మెట్‌లో మా పిన్ని డాబా మీదుగా వెళుతుందని తెలిసి అక్కడికి పరుగెత్తాను. రీలులో ఒకే ఒక్క ఫొటో మిగిలింది. చాచా మాట తప్పు అని రుజువు చెయ్యడానికే షటర్ నెమ్మదిగా పెట్టాను. హెలికాప్టర్ మరీ కిందికి వచ్చింది. పిన్ని ఆరబెట్టిన వడియాలు గుడ్డతో సహా లేచాయి. "ఓలమ్మో, నా ఒడియాలు! ఆ ఫొటోల పెట్టి అవతల పడేసి గుడ్డ పట్టవే!" అని పిన్ని పరుగు. నేను నొక్కేశాను.

ఫొటోలు చూసి బాసు, "ఏందమ్మా గిది, ఫ్యాన్ బంద్ జేసి దారంతో ఏలాడదీసినవా?" అన్నాడు. ఆఖరిది తీసి చూపించాను. తిరుగుతున్న రెక్కలు, గాల్లో వడియాలు, వాటి వెనక మసక మసకగా మా పిన్ని. "అరె, గిది యాక్షన్!" అని కుర్చీలోంచి లేచాడు. నౌకరీ పక్కా. ("ఏటే, నా ఒడియాలతో ఉజ్జోగం కొట్టేశావా!" అని పిన్ని ఏడాదిపాటు దెప్పింది.)

చాచాకి మాత్రం అదంతా నా ఐడియాయే అని చెప్పాను. ఆయన నవ్వి, "అచ్ఛా బేటీ" అన్నాడు, అంతే. ఇప్పుడక్కడ స్టూడియో లేదు, ఒప్పుకుందామన్నా చాచా లేడు. మొన్న మా అమ్మాయి సెల్‌ఫోన్లో హెలికాప్టర్ ఫొటో తీసి చూపించింది. రెక్కలు ఆగిపోయున్నాయి. షటర్ నెమ్మదిగా పెట్టాలే అంటే అరగంట వాదించింది. నా టీ చల్లారిపోయింది. నవ్వి, "అచ్ఛా బేటీ" అన్నాను.