ఈ ఫొటో ఈ రాయిదేనా?

తొలకరి పడితే మా యూనివర్సిటీ క్యాంపస్‌లోని బండరాళ్ళ మీద నుంచి వేడి ఆవిరితో కలిసి ఒక మట్టివాసన లేస్తుంది. నిన్న సాయంత్రం తార్నాక వైపు నడుస్తుంటే ఆ వాసన తగిలింది. రాజేశ్వరి మేడమ్ గుర్తుకొచ్చి, రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

మేడమ్ మాకు ఖనిజశాస్త్రం చెప్పేవారు. అనంతపురం జిల్లాలో తొలివానలకు జనం వజ్రాల కోసం చేలు గాలించే ఊళ్ళున్నాయి. ఆమెది అలాంటి ఊరే. చిన్నప్పుడు తనకు దొరికినవన్నీ పలుగురాళ్ళేననీ, అయినా ప్రతి రాయినీ వాళ్ళ నాన్న ఎండలో తిప్పి తిప్పి చూశాకే పారేసేవారనీ చెప్పేవారు. ఆ ఓపిక ఆమెకూ అబ్బింది. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోయేవారు.

నేను ఆమె దగ్గర పరిశోధన చేస్తున్నప్పుడే మెర్సీతో నా పెళ్ళి కుదిరింది. లాలాపేట్‌లోని మా చర్చిలో ఉంగరాలు మార్చుకోవాలి. మెర్సీ ముషీరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. తనకు చిన్న వజ్రపుటుంగరం తొడగాలని నా ఆశ. షాపుల్లో నాకు అందేది కనబడక ఆన్‌లైన్‌లో వెతికి, ఉంగరంలో పొదిగించేందుకు ధగధగలాడే వజ్రపురాయి ఒకటి ఎంచుకున్నాను. స్కాలర్‌షిప్పులో దాచుకున్నదంతా దానికే సరిపోతుంది. కొనేముందు గర్వంగా మేడమ్‌కు చూపించాను.

ఆమె ఫోన్ అందుకుని, నా రాయిని వదిలేసి, అదే సైట్‌లోని మిగతా రాళ్ళను చూడసాగారు. అన్నిటికీ అదే ఫొటో. అదే మెరుపు, అదే మూలన అదే నీలి తళుకు.

"ఈ ఫొటో ఈ రాయిదేనా?" అని అడిగారు.

"సర్టిఫికెట్ ఉన్నది కద మేడమ్," అన్నాను.

"ఎంత స్వచ్ఛమో గ్రేడు రాసింటారు, సరే. రాయి లోపలి మచ్చ నట్టనడుమ ఉందో, అంచున దాక్కునిందో నువ్వు చూడొద్దా నాయనా? పెండ్లిచూపులకు పోయి బయోడేటా చూసి వస్తావా?"

ఆమె చెప్పినట్టే అమ్మకందారును అడిగాను. అది నమూనా ఫొటో అని ఒప్పుకుని, కొన్నాళ్ళకు అసలు రాయి ఫొటో పంపారు. సరిగ్గా మధ్యలో నల్లటి చుక్క. మరో సైట్‌లో అదే గ్రేడు రాయి దొరికింది. దానికి నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, తిప్పి చూపే వీడియో ఉన్నాయి. అందులోనూ అంచు దగ్గర తెల్లటి దారప్పోగు లాంటి మచ్చ కనబడి నా ముఖం వాడిపోయింది. అంత పెద్దది చేసి చూస్తే మన ముఖాలూ గుంతలే అని మేడమ్ నవ్వారు. మామూలు కంటికి ఆ పోగు ఆనదని, కొనేది నువ్వైనా తొడుక్కునేది ఆ పిల్ల కాబట్టి తననే అడగమని చెప్పారు.

తార్నాకలో ముగ్గురం చాయ్ తాగుతూ ఆ ఫొటోలు చూశాం. మెర్సీ తెల్లపోగు దగ్గర ఆగిపోయింది.

"నాకు గిదే కావాలె," అంది. "వార్డుల బిడ్డ పుట్టంగనే పుట్టుమచ్చ సూసి రాస్కుంటం మేడమ్. గిది గూడ గసొంటిదే. ఎవలన్న మార్చినా గుర్తుపడ్త."

మేడమ్ కప్పు కింద పెట్టి తన చేయి పట్టుకున్నారు. రేపటి నుంచి నువ్వు వార్డుకు పో, ఈ పిల్లను ల్యాబ్‌కు పంపు అని నాతో అన్నారు. నేను నొచ్చుకోలేదు. అంత మంచి మాట నా గురించి కూడా ఎప్పుడైనా అంటారేమోనని ఆశపడ్డాను.

పార్శిల్ వచ్చిన రోజు రాయిని మైక్రోస్కోపు కింద పెట్టి, పక్కన ఫొటో తెరిచాం. ఎంత తిప్పినా పోగు కనబడలేదు. వేరే రాయి వచ్చిందనే అనుకున్నాను. మేడమ్ నన్ను లేపి తాను కూర్చుని, రాయిని వేలిగోరుతో రవ్వంత జరిపి, "రామ్మా, నీ బిడ్డను చూసుకో," అని మెర్సీని పిలిచారు. ఫొటోలో ఉన్నచోటే, ఉన్నంతే, తెల్లటి పోగు. మెర్సీ కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ చూసింది. డిపార్ట్‌మెంట్ అందరికీ ఆ రోజు మేడమ్ సమోసాలు తెప్పించారు. పెళ్ళిలో ఉంగరం చూడవచ్చిన చుట్టాలకు మెర్సీ మెరుపు చూపించలేదు; ఫోన్ తీసి ఆ పోగు ఫొటో చూపించింది.

మేడమ్ రిటైరై అనంతపురం వెళ్ళిపోయారు. ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో నేను పాఠాలు చెబుతున్నాను. మొదటి క్లాసులో పుస్తకం తెరవను. పిల్లలను బయటికి తీసుకెళ్ళి తలా ఒక గులకరాయి ఏరుకోమంటాను, గంటసేపు దాన్నే చూడమంటాను. తర్వాత అన్నీ ఒకచోట కుప్పపోసి, ఎవరిది వారిని వెతుక్కోమంటాను. దొరకదనుకుంటూనే వంగుతారు. ఒక్కొక్కరికీ దొరుకుతుంది. "ఇది నాదే సార్," అంటున్నప్పుడు వాళ్ళ ముఖాల్లో వెలుగు చూడాలి. క్లాసు అయిపోయాక ఆ రాళ్ళను ఎవరూ కింద పడేయరు. జేబుల్లో వేసుకుని వెళ్ళిపోతారు.