డాబా మీది ప్రేక్షకుడు

రేవులో అతనికి అసలు పేరు ఒకటుందన్న సంగతి జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ అతను యాంటెన్నాయే. ఆ పేరు రేవులో పెట్టింది కాదు. చిన్నప్పటి వీధిలో తగులుకుని, అతనితో పాటే క్రేన్ మెట్లెక్కి, పని మానిన రోజున అతనితో పాటే దిగింది.

అతని చిన్నతనంలో ఆ వీధి మొత్తానికీ టీవీ ఒక్కటే, అదీ వాళ్లింట్లో. ఆదివారం సాయంత్రం 'ఏడు గాలుల దారి' అనే సాహస ధారావాహిక వచ్చేది. పెద్ద గాలి బుడగకు బుట్ట కట్టుకుని ఒక మీసాల కెప్టెన్, ఒక వంటవాడు, ఒక మేక లోకమంతా తిరుగుతారు. వీధి పిల్లలు చెప్పులు గుమ్మం ముందు కుప్పపోసి, ముందుగదిలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేవాళ్లు. అంతా బాగానే ఉంది గానీ బొమ్మ నిలిచేది కాదు. డాబా మీది యాంటెన్నా గొట్టాన్ని మనిషెవరైనా పట్టుకుంటేనే కెప్టెన్‌కి ముఖం ఉండేది. వదిలేస్తే మీసాలు ఒకవైపు, మేక కొమ్ములు ఒకవైపు పోయేవి. నాన్న గొట్టానికి ఇనుప ఊచ కట్టి చూశాడు, తడిగుడ్డ చుట్టి చూశాడు, పక్కింటి పెద్దాయన్ని ఎక్కించి చూశాడు. ఆయన పట్టుకుంటే ఎవరికీ రాని భాషలో వాతావరణ సమాచారం వచ్చిందట. చివరికి ఇంట్లో చిన్నవాడు చెయ్యి వెయ్యగానే మేక గడ్డంలో వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. "వీడి ఒంట్లో ఏదో ఉందిరా," అంది నాయనమ్మ మురిసిపోతూ. ఆ ఏదో అతని కొంప ముంచింది.

ఆ రోజు నుంచి ఆదివారం సాయంత్రం అతను పైన, లోకమంతా కింద.

"బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది. కదిలావంటే చంపేస్తాం."

కదలకుండా నిలబడేవాడు. కొన్నాళ్లకి కాకులు అతన్ని కూడా గొట్టంలో భాగంగా ఒప్పుకుని భుజం మీద వాలడం మొదలుపెట్టాయి. కింది మాటలు మెట్ల మలుపు తిరిగేసరికి అరిగిపోయి ఉత్త గోలగా చేరేవి. స్పష్టంగా వినిపించేవి మేక మెడలో గంట, పిల్లల నవ్వులు, చివర్లో వచ్చే బాకా పాట. అంతే.

ఆ లోటు తీర్చేది అక్క. అతనికన్నా పెద్దది, వీధి పిల్లలందరి మీదా పెత్తనం ఆమెదే. పరుగున పైకొచ్చి, పక్కన చతికిలబడి, ఆ వారం కథంతా చెప్పేది. అతను గొట్టం వదలకుండా ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది, అది ఆమె షరతు.

ఆమె చెప్పిన వాళ్లలో అతనికి ప్రాణం తాడు కుర్రాడు. వాడు గాలి బుడగ నెత్తిన కూర్చుని, తాడు పట్టుకుని దాన్ని తిన్నగా నడుపుతాడు. బుట్టలోవాళ్లకి కనిపించడు. అయినా ఆపద వచ్చినప్పుడల్లా కెప్టెన్ మీసం సవరించుకుని, "భయపడకండి, పైన మావాడున్నాడు" అంటాడు. ఆఖరి వారం అందరూ నేల మీద దిగబోతుంటే కెప్టెన్ తలలు లెక్కపెట్టి, ఒకడు తగ్గాడని గుర్తుపట్టి, తనే పైకెక్కి, కుర్రాణ్ని వీపున మోసుకుని దించుతాడు. వీధిలో ఆ ఆట ఆడేటప్పుడు కెప్టెన్ వేషానికి కొట్టుకునేవాళ్లు. తాడు కుర్రాడి వేషం మాత్రం ఎప్పుడూ ఇతనిదే. ఎవరూ ఏమీ అనలేదు. టీవీ ఉన్న ఇంటి పిల్ల మాటకి ఎదురుచెబితే వచ్చే వారం గుమ్మం అవతలే నిలబడాలి మరి.

పెద్దయ్యాక అతను రేవులో క్రేన్ నడిపాడు. పూటంతా ఆకాశంలో గాజుపెట్టెలాంటి గదిలో ఒక్కడే కూర్చునే ఆ పనికి మనుషులు సులభంగా దొరకరు. "పైన ఉండటం నాకలవాటే," అన్నాడు, వెంటనే తీసుకున్నారు. కింద నుంచి సిగ్నల్ మనిషి వాకీటాకీలో చెప్పేవాడు. "అన్నా, ఎడమకి. ఇంకొంచెం. ఆగు. దించు." రోజంతా అతనికి దక్కిన మాటలు దాదాపు ఇవే. మనుషులు అతనికి నడినెత్తుల వల్లే గుర్తు. రేవులో ఎవరికి బట్టతల రాబోతోందో వాళ్ల భార్యలకన్నా ముందు అతనికి తెలిసేది. తనకి మాత్రం భార్య లేదు. సంబంధాలు చూసిన రోజుల్లో, అబ్బాయి ఎక్కడుంటాడని అడిగితే నాన్న పైకి చూపించేవాడట. అవతలివాళ్లు అయ్యో పాపం అని లేచి వెళ్లిపోయేవారట.

బావ పోయిన రోజున సగం సరుకే దించిన ఓడ ఒకటి రేవులో ఉంది. అది ఖాళీ అయ్యాక దిగి, బస్సు పట్టుకుని అక్క ఊరికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. అక్క గుమ్మంలోనే నిలబడి అంది, "ఇప్పటికి దిగబుద్ధయిందా?" జవాబు తోచాక ఫోన్ చేద్దామనుకున్నాడు. అలా అనుకుంటూనే ఏళ్లు వెళ్లిపోయాయి. ఆమె కూడా చెయ్యలేదు.

పని మానేసినప్పుడు రేవువాళ్లంతా కలిసి అతనికి పెద్ద టీవీ బహుమతిగా ఇచ్చారు. అద్దెకుంటున్న మేడ మీది గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, తను నడిపిన క్రేన్ దూరంగా కనిపించే ఒక కిటికీ. టీవీని గోడకి తగిలించడానికి సిగ్నల్ మనిషే వచ్చాడు.

"ఏది కావాలంటే అది చూడొచ్చన్నా ఇందులో. పేరు చెప్పు."

"'ఏడు గాలుల దారి' ఉంటుందా?"

"మేక సీరియలా? అబ్బో, మా ఊళ్లో దానికోసం నేను జ్వరంలో కూడా లేచి కూర్చునేవాణ్ని." రెండు మీటలు నొక్కాడు. తెర మీద గాలి బుడగ పైకి లేచింది.

యాంటెన్నా మంచం దిగి వెళ్లి టీవీ అంచు పట్టుకున్నాడు.

"అన్నా, చెయ్యి తియ్యి. దానికది వస్తుంది."

తీశాడు. బొమ్మ కదల్లేదు. అతను కాసేపు ఆ చేతినే చూసుకున్నాడు.

కెప్టెన్ అనుకున్నదానికన్నా పొట్టివాడు. మీసం అతికించింది, ఎడమవైపు కొద్దిగా లేచింది కూడా. బుడగని వేలాడదీసిన దారం కనిపిస్తూనే ఉంది. కళ్లు మూసుకుంటే మాత్రం అంతా సరిగ్గా ఉంది, మేక గంటతో సహా.

"తాడు కుర్రాడు ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు.

"ఎవడు?"

"పైన కూర్చుంటాడే. తాడు పట్టుకుని."

"అలాంటివాడెవడూ లేడన్నా. కెప్టెన్, వంటవాడు, మేక. మేకకే ఎక్కువ మాటలు."

"నువ్వు జ్వరంలో చూశావు. నీకేం గుర్తుంటుంది?"

"నువ్వు ఒళ్లు బాగుండే చూశావా మరి?"

సిగ్నల్ మనిషి పనిముట్లు సర్దుకుని, "ఇంక నువ్వే నడుపుకో అన్నా," అని నవ్వుతూ వెళ్లిపోయాడు. రేపట్నుంచి ఎడమకనీ కుడికనీ చెప్పేవాళ్లు కూడా లేరని అప్పుడు తెలిసొచ్చింది అతనికి.

రోజూ సాయంత్రం ఒక్కో భాగం చూశాడు. ఒకసారి బుడగని పైనుంచి చూపించారు. నున్నటి గుడ్డ, దాని మీద ఎండ. ఎవరూ లేరు. ఇంకో భాగంలో ఉంటాడులే అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఒక్క తాడు కుర్రాడు కనిపిస్తే చాలు, అక్కకి ఫోన్ చెయ్యడానికి ఒక వంక దొరుకుతుంది. అదే అతని ఆశ.

ఆఖరి భాగం వచ్చింది. కెప్టెన్, వంటవాడు, మేక దిగి, గడ్డిలో నడుచుకుంటూ వెళ్లిపోయారు. కెప్టెన్ తలలు లెక్కపెట్టలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఖాళీ బుడగ నేల మీద వాలి ముడుచుకుపోయింది. బాకా పాట మొదలైంది.

ఆ పాట వినగానే అతని భుజానికి ఏదో తగిలినట్టయింది. అక్క భుజం. డాబా మీద బాకా పాట వినిపించేసరికి అక్క ఎప్పుడూ పక్కనే ఉండేది, రొప్పుతూ, కథ అప్పటికే మొదలుపెట్టేసి. పాట ఇప్పుడు మొదలైందంటే, మెట్లెక్కడానికి ఆమె అంతకు ముందే లేవాలి. కెప్టెన్ గడ్డిలో నడవకముందే లేవాలి. అంటే ఆమె ఏ వారమూ చివర చూడలేదు.

టీవీ ఆపేసి ఫోన్ తీశాడు. చాలాసేపు మోగింది.

"ఎవరు?"

"నేనే. యాంటెన్నాని."

"దిగావా?" అంది అక్క.

"దిగాను. ఉద్యోగం అయిపోయింది."

"అయిపోయాక గుర్తొచ్చానన్నమాట."

"ఆ రోజు దిగి రావలసింది అక్కా. ఓడ ఆగేది."

"ఆగేది," అంది ఆమె. "నేను మర్చిపోలేదు."

"తెలుసు," అన్నాడు. "తాడు కుర్రాడు లేడు అక్కా. అన్ని భాగాలూ వెతికాను."

"ఈ వయసులో వెతికావా? వెర్రివాడా. నిన్నొక్కణ్ణీ అక్కడ నిలబెట్టి, కింద మేము నవ్వుకుంటుంటే నాకు తిన్నగా కూర్చోబుద్ధయ్యేది కాదు. అందుకని వాణ్ని పెట్టాను." అంతలోనే, "మేక ఏమైంది?" అని అడిగింది.

"ఎప్పుడు?"

"ఒక వారం కొండ అంచున వేలాడింది చూడు. కొమ్ము రాయికి తగులుకుని. నేను అక్కడే లేచొచ్చేశాను."

"కెప్టెన్ దూకి పట్టుకున్నాడని చెప్పావుగా."

"అది నేనల్లిందిరా. అసలేమైందో ఇప్పటికీ తెలీదు."

"పిల్లల్ని అడగాల్సింది."

"టీవీ మనదై ఉండి, వాళ్లని నేనడగాలా?"

అసలు జరిగింది అతనికి తెలుసు. ఏమీ జరగలేదు. ఆ మరుక్షణంలో మేక బుట్టలో నిలబడి నెమరేస్తోంది. ఎలా వచ్చిందో ఎవరూ చూపించలేదు, తీసినవాళ్లు మర్చిపోయినట్టున్నారు. అతను జీవితంలో ఎవరికీ కథ చెప్పి ఎరగడు. కిటికీలోంచి క్రేన్ వైపు చూశాడు. దాని గాజుగదిలో ఇప్పుడెవరో కొత్తవాడు దీపం వేసుకున్నాడు.

"కొండ చాలా ఎత్తు అక్కా," అని మొదలుపెట్టాడు. "కెప్టెన్‌కి అందదు. వంటవాడు ఏడుస్తున్నాడు. అప్పుడు పైనుంచి తాడు ఒకటి దిగింది."

అక్కడ ఆగాడు. ఆమె ఫోన్ పెట్టేసిందేమోనని చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. అవతల ఖాళీ ఇంట్లో ఎక్కడో కొళాయి చుక్కచుక్కగా కారుతున్న చప్పుడు వినిపించింది.

"ఊ," అంది అక్క.