పన్నెండు తాకిళ్లు, పంతొమ్మిది యెస్‌లు

పోయిన వారం డాక్టర్ ఆఫీసులో నర్సు నా సాక్సు విప్పించి కళ్లు మూసుకోమంది. పుల్ల చివర బిగించిన నైలాను పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకుతానని, తెలిసినప్పుడల్లా "యెస్" అనమని చెప్పింది. నాకు షుగర్ వచ్చి ఏడేళ్లయింది. ఇది ఏటా చేసే పరీక్షే. కళ్లు మూసుకోగానే ఏటా నాకు ముందుగా కనిపించేవి నా పాదాలు కావు, మా మేనత్తవి. పొట్టి వేళ్లు, గోళ్ల అంచుల్లో ఎన్నడూ పూర్తిగా పోని పసుపు, వెండి మెట్టెలు, వాటి కింద లేత గోధుమరంగు కార్పెట్.

ఎనభైల మొదట్లో నేను పిస్కాటవే అనే అమెరికన్ ఊళ్లో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతూ అత్తావాళ్ల బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. మావయ్య మందుల కంపెనీలో కెమిస్టు. ఆ ఇంట్లో చెప్పుల రాజ్యం గరాజ్ దగ్గరే ఆగిపోయేది. వాటర్ హీటర్ బాగుచేయడానికొచ్చిన ప్లంబర్ చేత కూడా అత్త బూట్లు విప్పించింది. పాపం, అతని సాక్సుకి చిల్లు ఉంది. అతను వెళ్లేదాకా ఆ వేలిని దాచుకోడానికే అవస్థపడ్డాడు. అత్తకి అప్పటికే పదేళ్లుగా షుగర్. శీతాకాలం మధ్యాహ్నాల్లో, కిటికీలోంచి మంచు వెలుగు నీళ్లలా గదంతా నిండి ఉన్నప్పుడు, అటూ ఇటూ నెమ్మదిగా నడుస్తూ అనేది: "ఏం కార్పెట్‌రా ఇది, దూది మీద నడుస్తున్నట్టుంటుంది. మన గచ్చు నేలల మీద ఇంత హాయి ఎక్కడిది?" ఆ మాట వింటూ నేను సోఫాలో నిద్రలోకి జారిపోయేవాణ్ణి. ఆవిడ కాళ్లు మొద్దుబారుతున్నాయని, ఆ పుణ్యం ఆవిడ కార్పెట్‌కి కట్టబెడుతోందని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. వంటింట్లో కార్పెట్ లేదు. అక్కడా దూదిలాగే ఉందా అని అడిగి ఉండాల్సింది. కొలతలు తీసుకోవడం చదువుతున్నవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న వేయలేదు.

ఒకరోజు అత్త చెవిదుద్దు శీల పోయింది. రెండు రోజులు ముగ్గురం మోకాళ్ల మీద వెతికాం. నేను హాల్లో కుట్టుదారాలు అడ్డంగా, నిలువుగా లాగి గళ్లు చేసి, ఒక్కో గడీ చూశాక కాగితం మీద టిక్కు పెట్టుకున్నాను. మూడోరోజు కార్పెట్ మీద చిన్న చిన్న ముదురు నెత్తుటి మరకలు వరసగా కనిపించాయి. మావయ్య వాటి వెంటే నడిచి వంటింట్లోకి వెళ్లి, పోపు వేస్తున్న అత్తని కుర్చీలో కూర్చోబెట్టి ఎడమపాదం పైకి తిప్పాడు. శీల బొటనవేలి కింద కండలో దిగి ఉంది. అత్త ముందు సంతోషించింది. "హమ్మయ్య, దొరికిందా?" అంది. మావయ్య మాత్రం ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, నన్ను డాక్టర్ నంబరు తెమ్మన్నాడు.

ఆ పుండు మానడానికి పాదం నుంచి మోకాలి కిందిదాకా, చర్మానికి అతుక్కున్నట్టుగా ప్లాస్టర్ కట్టు వేశారు. బరువు ఒక్కచోటే పడకుండా కాలంతా పంచుకుంటుందని, అందుకే కట్టుతోనే కాస్త నడవచ్చని పాదాల డాక్టర్ చెప్పాడు. కుష్ఠురోగుల పాదాలు కాపాడటానికి మన దేశంలోనూ వాడిన పద్ధతేనట. కట్టు వేసేముందు మెట్టె తీయాల్సి వస్తే మావయ్యే తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. వారానికోసారి కట్టు మారుస్తూ రెండు నెలలు గడిచాయి. అన్నాళ్లూ ఆ మెట్టె రోజుకో చొక్కా జేబులోకి మారుతూ ఆయనతో ఆఫీసుకి వెళ్లొచ్చింది. ఇల్లంతా కొత్త సుద్దముక్కల వాసన. పైన టక్, టక్ మంటూ అత్త నడుస్తుంటే కింద నా చదువు ఆ తాళానికే సాగేది.

కట్టు పూర్తిగా విప్పినరోజు మావయ్యకి మీటింగ్ ఉండి నేను తీసుకెళ్లాను. కొత్త నర్సు నైలాను పోగుతో పరీక్ష చేసింది. అంత సన్నటి పోగు ఎంత గట్టిగా నొక్కినా పది గ్రాముల బరువు దగ్గర వంగిపోతుంది. ఇది మా పాఠాల్లో ఉన్న సంగతే, అందుకే ఇష్టంగా చూస్తూ కూర్చున్నాను. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను కూడా. అత్త కళ్లు మూసుకుని, ప్రసాదం కోసం కూర్చున్నంత ప్రశాంతంగా "యెస్... యెస్..." అంటోంది. నర్సు తల వంచి కాగితం నింపుకుంటోంది. పోగు తాకింది పన్నెండుసార్లు. అత్త అన్న యెస్‌లు పంతొమ్మిది. నర్సు కాగితం రాసుకుంటున్నప్పుడు కూడా అత్త యెస్ అంటూనే ఉంది.

డాక్టర్ కాగితం చూసి, స్పర్శ బాగుందని, ఇక మామూలుగా తిరగొచ్చని అన్నాడు. అత్త ముఖం వెలిగిపోయింది. నేను నోరు మూసుకుంటే ఆవిడ ఇంటికెళ్లి మళ్లీ దూది మీద నడుస్తుంది. ఇంకో శీల దిగితే ఈసారి వేలు పోవచ్చని, పాదమే పోవచ్చని ఆ డాక్టరే మొదటిరోజు చెప్పాడు. రెండు అంకెలూ ఇంగ్లీషులో చెప్పేశాను. ఆయన కాగితం పక్కన పెట్టి, తనే మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి యెస్ కాదు, ఎక్కడ తాకానో చెప్పమన్నాడు. పన్నెండింట్లో మూడు చెప్పగలిగింది. ఇకమీదట ఇంట్లో కూడా వట్టికాళ్లతో ఒక్క అడుగు వేయకూడదన్నాడు.

కారెక్కగానే అత్త కిటికీ వైపు తిరిగింది.

"పరువు తీశావు కదరా."

"అత్తా, తెలియకుండా యెస్ ఎందుకన్నావు?"

"ఆ పిల్ల అంత ఓపిగ్గా పొడుస్తుంటే ఏమీ అనకుండా ఎలా కూర్చుంటాం? బావుండదు." మళ్లీ తనే, "చెప్పులేసుకుని వంటింట్లోకా? దేవుడి ముందుకా? వేలే పోనీ" అంది.

ఆ రాత్రి ఒక కాగితం మీద, అత్త ఇంట్లో వేసుకోగల జోడుకి షరతులు ఇంగ్లీషులో రాశాను. తోలు ఉండకూడదు. తడిగుడ్డతో తుడవగలగాలి. గుమ్మం దాటకూడదు. చెప్పుల్లా కనబడకూడదు. క్లినిక్ వెనకగదిలో పేషెంట్లకి బూట్లు చేసే ముసలాయన నాలుగోది చదివి కళ్లజోడు తీశాడు. చెప్పుల్లా ఉండని చెప్పులు అడిగినవాళ్లు తన సర్వీసులో మేమే మొదలన్నాడు. అయినా అత్త పాదాలకి ప్లాస్టర్ అచ్చులు తీశాడు. తెల్లటి ఫోమ్ షీటు ఓవెన్‌లో పెడితే మైదాపిండి ముద్దలా మెత్తబడింది. దాన్ని అచ్చు మీద పరిచి ఒత్తాడు. అది పాదం వంపులన్నీ నెమ్మదిగా నేర్చుకుంటున్నట్టు ఒదిగిపోయి, చల్లారాక అలాగే నిలిచిపోయింది. అత్త నా మోచేయి లాగింది.

"ఆ ఓవెన్‌లో మాంసం గట్రా పెట్టడు కదా, అడుగు."

అడిగాను. శుక్రవారాలు తన చేప శాండ్‌విచ్ వేడిచేసుకుంటానని ఆయన నిజాయితీగా చెప్పాడు.

"ఏమంటాడు?"

"ఫోమ్ తప్ప ఏదీ పెట్టడట అత్తా."

నా జీవితంలో తెలిసి ఇచ్చిన తప్పుడు రిపోర్టు అదొక్కటే. ఇప్పటికీ దిద్దలేదు.

ఇంటికొచ్చి అత్త వాటికి కొత్త కారుకి పెట్టినట్టే పసుపు రాసి కుంకుమ పెట్టింది. చెప్పులని ఎవర్నీ అననిచ్చేది కాదు, "తొడుగులు" అనాలి. మావయ్య జేబులోంచి మెట్టె తీసి తొడిగాడు. డాక్టర్ చెప్పినట్టు ముందే దాన్ని ఒక సైజు వదులు చేయించాడు. రోజూ సాయంత్రం అద్దం పట్టుకుని ఆవిడ అరికాళ్లు చూడటం ఆయన పని. తొడుగులు అరిగి, కొత్తవి వచ్చి, మళ్లీ అరిగాయి. అత్త ఎనభై దాటి వెళ్లిపోయేనాటికి పది వేళ్లూ ఉన్నాయి.

పోయిన వారం నర్సు నా అరికాళ్ల మీద అదే పరీక్ష చేస్తోంది. యెస్. యెస్. ఆ తర్వాత ఒకచోట గది ఎక్కడికో తేలిపోయినట్టు నిశ్శబ్దం. పోగు తాకిందో లేదో తెలియలేదు. ఆ నిశ్శబ్దం భరించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అత్తది మర్యాద ఒక్కటే కాదేమో. నా నోరు "యెస్" అనేసింది. వెంటనే కళ్లు తెరిచి, "అది కొట్టేయండి, తెలియకుండా అన్నాను" అన్నాను. నర్సు నవ్వి కొట్టేసింది. పక్కన, ఆనాడు నేను కూర్చుని లెక్కపెట్టినలాంటిదే, పేషెంటు తాలూకు వాళ్లు కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీకీ నేను కూర్చున్న దానికీ మధ్య నాలుగడుగులు ఉంటాయేమో. అందులోంచి ఇందులోకి రావడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.